ఉగాదికి ముందే ఊరెళ్ళిపోవచ్చా? జపాన్ ప్రభుత్వ స్కూల్లో మార్చి నెల ఎలా గడుస్తుందంటే

మీ ప్రశ్న, నాకు అర్థమైనంత వరకు: మీరు టోక్యోలో ఎదొగవ వార్డులో ఉంటున్నారు, జపాన్ వచ్చి ఏడాదిన్నర. బాబు ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి. ఈ ఏడాది (2026) ఉగాది మార్చి 19న వచ్చింది కాబట్టి 13వ తేదీ శుక్రవారం రాత్రి బయల్దేరి ఊరెళ్ళి, ఏప్రిల్ 5న తిరిగి రావాలని ఆలోచన. ఆఖర్లో పరీక్షలు లేవు, పాఠాలూ పెద్దగా ఉండవంటున్నారు, మరి ఆ పది రోజులు మానేస్తే ఏమవుతుంది? పైగా స్కూలు నుంచి రోజూ వచ్చే కాగితాలు సగం అర్థం కావడం లేదు.

సూటిగా చెప్తాను. బాబు చదువుకి ఏ నష్టమూ లేదు, మూడో తరగతికి వెళ్ళిపోతాడు. అయినా సరే, టికెట్లు మార్చుకునే వీలుంటే షూర్యోషికి అయిన రోజు సాయంత్రానికి మార్చుకోండి. షూర్యోషికి అంటే విద్యా సంవత్సరం ముగింపు సభ. టోక్యో ప్రభుత్వ స్కూళ్ళలో సాధారణంగా మార్చి 24, 25 తేదీల్లో పడుతుంది. ఉగాది తప్పిపోతుందని తెలుసు. మార్చలేని పరిస్థితి అయితే కింద కొన్ని పనులు రాశాను, అవి మాత్రం తప్పకుండా చేసి వెళ్ళండి.

మాది తెనాలి. ఇక్కడికొచ్చి 14 ఏళ్ళు. మా పెద్దాడు ఇక్కడి ప్రభుత్వ స్కూళ్ళలోనే చదివి ఈ ఏడాది హైస్కూలు పూర్తి చేస్తున్నాడు. చిన్నది ఆరో తరగతి, ఈ నెలలోనే ఎలిమెంటరీ నుంచి బయటికొస్తుంది. ఆరేళ్ళుగా కొత్తగా వచ్చిన మన పిల్లల పక్కన క్లాసులో కూర్చుని మాట సాయం చేస్తున్నాను, తల్లిదండ్రుల మీటింగుల్లో తెలుగు, హిందీ దుబాసీ పని కూడా చేస్తున్నాను. మీ ప్రశ్న నాకు ఏటా ఫిబ్రవరిలో కనీసం ఇద్దరు ముగ్గురు అడుగుతారు. ఒకప్పుడు నేనూ మీలాగే లెక్క వేసి, తప్పు చేసినదాన్నే.

ముందు భయాలు తీర్చేస్తాను

ఇక్కడ ఎలిమెంటరీ ఆరేళ్ళు, మిడిల్ మూడేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళూ ఏడాది తిరిగితే పిల్లవాడు పై తరగతిలో ఉంటాడు. పాస్, ఫెయిల్ అన్న మాటే వినపడదు. ఎలిమెంటరీలో మన యాన్యువల్ పరీక్షల్లాంటివి ఉండవు. ఒక్కో పాఠం అయినప్పుడు రంగుల కాగితం మీద చిన్న టెస్టు, ఏడాది చివర్లో ఆ ఏడాది నేర్చుకున్న కాంజీల (జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు) మీద ఒక పెద్ద టెస్టు. రెండో తరగతికి 160 కాంజీలు. మూడో తరగతిలో ఇంకో 200 వస్తాయి, ఆరేళ్ళకూ కలిపి 1,026. మీ బాబు ఆ 160 కాంజీల టెస్టు ఇప్పటికే రాసేసి ఉంటాడు, ఎందుకంటే టీచర్లు మార్చి మొదటి రెండు వారాల్లోనే మార్కులు తేల్చేసి రిపోర్టు రాయడం మొదలుపెడతారు. కాబట్టి 13 తర్వాత మానేస్తే రిపోర్టులో గైర్హాజరు గడిలో అంకె పెరుగుతుంది, అంతకుమించి ఏమీ మారదు.

మిడిల్ స్కూలు పిల్లలైతే సంగతి వేరు. వాళ్ళకి ఫిబ్రవరి చివర్లో ఏడాది ముగింపు పరీక్షలుంటాయి, ఆ గ్రేడ్లు హైస్కూలు ప్రవేశానికి పనికొస్తాయి. వాళ్ళను ఒక్కరోజు మాన్పించాలన్నా నేను ముందు టీచర్ని అడుగుతాను.

మరి ఆగమని ఎందుకంటున్నాను?

మన దగ్గర ఏప్రిల్ నెల స్కూలు గుర్తు తెచ్చుకోండి. పరీక్షలైపోయాక సగం బెంచీలు ఖాళీ. టీచర్లు పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు, పిల్లలు చెట్టు కింద ఆడుకుంటూ ఉంటారు. 23న లాస్ట్ వర్కింగ్ డే, మళ్ళీ జూన్ 12 దాకా ఎవరికీ ఏమీ పట్టదు. ఆ అలవాటుతో "ఆఖరి పది రోజులేగా" అనుకుంటాం. ఇక్కడ ఆ పది రోజులే ఏడాది మొత్తంలో పిల్లలకి ఎక్కువగా గుర్తుండిపోయే రోజులు. ఆ తర్వాత దొరికేది రెండు వారాల సెలవే. ఏప్రిల్ 6, 7 నాటికి కొత్త తరగతి, కొత్త గది, చాలాసార్లు కొత్త టీచరు, కొత్త పిల్లలు. పాత క్లాసు అనేది ఇక ఉండదు.

ఆ ఉండకపోవడం ఎంత నిజమో నాకు 2016లో తెలిసింది. మా మరిది పెళ్ళికని మార్చి రెండో వారంలో బయల్దేరాం. పెద్దాడు అప్పుడు రెండో తరగతి, సరిగ్గా మీ బాబు వయసే. తిరిగొచ్చాక కొత్త తరగతి మొదటి రోజున వాణ్ణి నేనే స్కూలుకి తీసుకెళ్ళాను. బూట్లు విప్పి పెట్టుకునే అరల దగ్గరకి పరుగెత్తి తన పాత అర ముందు నిలబడ్డాడు. అందులో ఎవరివో రెండు చిన్న చెప్పులున్నాయి. అర మీద వేరే పేరు. రెండేళ్ళుగా తన పేరున్న చోట ఆ అంటు కాగితం పీకిన మచ్చ కూడా లేకుండా తుడిచేసి ఉంది. మూడో తరగతి అరల్లో వెతుక్కోవాలని వాడికి తెలీదు, నాకూ తెలీదు.

క్లాసు మారిపోయింది. పాత టీచరు వేరే స్కూలుకి బదిలీ. వాడి ప్రాణ స్నేహితుడి కుటుంబం మార్చి చివర్లో ఫుకుఓకకి వెళ్ళిపోయింది. ఇక్కడి కంపెనీల బదిలీలు ఎక్కువగా ఏప్రిల్ 1కే పడతాయి కాబట్టి మార్చిలో ప్రతి క్లాసు నుంచీ ఒకరిద్దరు వెళ్ళిపోతూనే ఉంటారు. ఆ పిల్లవాడికి క్లాసంతా కలిసి వీడ్కోలు చెప్పింది మేము తెనాలిలో పెళ్ళి భోజనాల్లో ఉన్న రోజున. "వాడు నాకు చెప్పకుండా వెళ్ళిపోయాడు" అని మావాడు చాలా రోజులు అలిగాడు. వెళ్ళిపోయింది నువ్వే కదరా అని ఎలా చెప్పను?

ఆ పది రోజుల్లో రెండో తరగతిలో ఏం జరుగుతుంది

మొదటిది, మీ ఇంటికి కూడా జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఒక కాగితం వచ్చి ఉంటుంది. బాబు పుట్టినప్పటి బరువు, మొదట పలికిన మాట, పేరు ఎందుకు పెట్టారు, చిన్నప్పటి ఫొటోలు పంపండి అని. రెండో తరగతిలో 'సేయ్‌కత్సు' అనే సబ్జెక్టు ఉంటుంది, అంటే బతుకు పాఠాలు అనుకోండి. మూడో టర్ములో ఆ క్లాసులో పిల్లలు తాము ఎలా పెరిగారో ఒక చిన్న పుస్తకం చేసుకుంటారు. చాలా స్కూళ్ళలో దాన్ని మార్చిలో క్లాసు ముందు చదివి వినిపిస్తారు.

మావాడి పుస్తకం కోసం నేను అన్నప్రాసన ఫొటో ఒకటి పంపాను. ముందు పళ్ళెంలో పుస్తకం, పెన్ను, గొలుసు, పూలు, కత్తి. మావాడి చెయ్యి కత్తి మీద ఉంది. రెండో రోజు రెన్రకుచోలో (బడికీ ఇంటికీ మధ్య తిరిగే నోటుబుక్కు) టీచరు చాలా మర్యాదగా అడిగింది, పసిబిడ్డ ముందు కత్తి ఎందుకుందో తెలుసుకోవచ్చా అని. నాకొచ్చిన జపనీస్‌లో మూడు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. టీచరు జవాబు చూసి నాకు నవ్వాగలేదు. వాళ్ళ ఊళ్ళో కూడా మొదటి పుట్టినరోజుకి బిడ్డ ముందు వస్తువులు పెట్టి పట్టుకోమంటారట, దాన్ని 'ఎరబితొరి' అంటారట, తను సొరొబాన్ పట్టుకుందట. సొరొబాన్ అంటే లెక్కల పూసల చట్రం. "అందుకే టీచరునయ్యానేమో" అని పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఇంత ముచ్చట జరిగాక ఆ పుస్తకాన్ని మావాడు క్లాసులో చదవనే లేదు. ఆ రోజుకి మేము వెళ్ళిపోయాం. ఏప్రిల్లో స్టాఫ్ రూములోంచి ఒక పెద్ద కాగితం సంచి తెచ్చిచ్చారు. అందులో రంగుల పెట్టె, బొమ్మలు, పియానికా (నోటితో ఊదుతూ వాయించే చిన్న కీబోర్డు), ఈ పుస్తకం. చివరి పేజీలో 'స్నేహితుల మాటలు' అని ఒక చోటుంటుంది. విన్నవాళ్ళు చిన్న చీటీల మీద ఒక్కో మాట రాసి అంటిస్తారు. మావాడి పుస్తకంలో ఆ పేజీ తెల్లగా ఉంది. టీచరు ఒక్కటే ఒక చీటీ రాసి మూలన అంటించి వెళ్ళింది.

అందుకే మీకు మొదటి సలహా ఇది: 13లోపు బాబు పుస్తకం చదవడం అయ్యేలా చూడమని టీచర్ని అడగండి. నిరుడు నేను సాయం చేసిన ఒక పాప విషయంలో ఇలాగే అడిగాం. టీచరు వరుస మార్చి ఆ పాపను ముందు పిలిచింది. అడగాలే గానీ ఇలాంటివి చేస్తారు.

రెండోది సామాను ఇంటికి చేరవేయడం. నవ్వకండి, ఇది పెద్ద పనే. ఏడాదంతా పిల్లల వస్తువులు క్లాసులోనే ఉంటాయి: పియానికా, రంగుల పెట్టె, కత్తెర, జిగురు పెట్టుకునే డబ్బా, స్కూల్లో మాత్రమే తొడిగే ఉవబాకి బూట్లు, కుర్చీకి తగిలించి ఉంచే దూది టోపీ (భూకంపం వస్తే తల మీద వేసుకోవడానికి), ఏడాదిగా వేసిన బొమ్మలు. ఇవన్నీ ఒకేరోజు మోయలేరు కాబట్టి ఏ రోజు ఏది తీసుకెళ్ళాలో టీచరు పట్టిక వేసి పంపుతుంది. మనవాళ్ళు ఆ పట్టిక చదవరు. దాంతో ఆఖరి రోజున వీపున రందొసెరు బ్యాగు, మెడలో దూది టోపీ, ఒక చేతిలో పియానికా, ఇంకో చేతిలో బొమ్మల సంచి, నేల మీద ఈడుస్తూ పూలకుండీ, ఇలా వస్తాడు పిల్లవాడు. మీ వార్డులోని నిషికసాయ్ స్టేషన్ చుట్టుపక్కల మార్చి 20 తర్వాత మధ్యాహ్నం పూట చూడండి, అలా మూటలతో నడిచే పిల్లల్లో మనవాళ్ళెవరో దూరం నుంచే చెప్పేయొచ్చు.

పూలకుండీ అంటే గుర్తొచ్చింది. ఇది ఒకటో తరగతి వాళ్ళ సంగతి, అయినా చెప్పాలనిపిస్తోంది. ఒకటో తరగతిలో చేరగానే ఒక్కో పిల్లకి ఒక కుండీ ఇచ్చి అసగావో విత్తనాలు వేయిస్తారు, తెల్లవారి పూసే నీలం పూల తీగ. వేసవిలో పూస్తుంది, శరదృతువులో విత్తనాలు ఏరి దాచుకుంటారు. మార్చిలో ఆ విత్తనాలను చిన్న కవర్లలో పోసి, పైన రంగులతో బొమ్మ వేసి, ఏప్రిల్లో చేరబోయే కొత్త ఒకటో తరగతి పిల్లలకి ఇస్తారు. మా చిన్నది ఐదు విత్తనాలు లెక్కపెట్టి వేసి, ఒకటి పుచ్చుదేమోనని ఆరోది కూడా వేసింది. విత్తనాలు తీసుకున్న పిల్లవాడెవరో దానికి తెలీదు. అయినా ఆ ఏడాది జూన్ అంతా ఒకటో తరగతి కుండీల దగ్గర ఆగి చూసుకుని వచ్చేది.

మూడోది శుభ్రం చేయడం. రోజూ చేసేదే, కానీ ఆఖరి వారం చేసేది వేరు. బల్ల లోపలి అర ఖాళీ చేసి తడిగుడ్డతో తుడుస్తారు. బల్ల మీది పెన్సిలు గీతలను తెల్ల స్పాంజితో రుద్ది పోగొడతారు. కుర్చీ కాళ్ళకి చుట్టుకున్న దుమ్ము, వెంట్రుకలను వేళ్ళతో, అంటు టేపుతో లాగుతారు. కిటికీ పట్టాల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి తోముతారు. ఆ తర్వాత తమ పేరున్న ప్రతి చీటీ పీకేస్తారు: బల్ల మీద, బ్యాగు అర మీద, బూట్ల అర మీద. ఇందాక చెప్పిన మావాడి అర అలా ఖాళీ అయినదే, మావాడి బదులు ఎవరో పీకారు. రెండేళ్ళ కిందట ఒక నాన్న గారు మీటింగులో "మా అమ్మాయి చేత నేల తుడిపించడం మాకు బాగోలేదు, చెప్పండి" అన్నారు. నేను అనువాదం చేశాను, అది నా పని కాబట్టి. టీచరు తల ఊపి, "తను తుడిచిన బల్ల దగ్గరే ఏప్రిల్లో ఇంకో అమ్మాయి కూర్చుంటుంది" అని మాత్రం అంది. ఆయనకి నచ్చిందో లేదో తెలీదు. నాకైతే మన స్కూళ్ళలో కూడా ఇది ఉంటే బాగుండుననే అనిపిస్తుంది.

ఇంకా చాలా ఉంటాయి. పిల్లలే కమిటీ వేసుకుని చేసే ఆటల పార్టీ, ఆరో తరగతి వాళ్ళకి వీడ్కోలు (ఇది మార్చి మొదట్లోనే అయిపోయి ఉంటుంది), స్కూలు భోజనం క్యూషొకు ఆఖరి రోజు. ఆ ఆఖరి వారంలో పిల్లలు ఓటేసి ఎంచుకున్న వంటలు కూడా వస్తుంటాయి, కూర అన్నం, నూనెలో వేయించి పంచదార అద్దిన బ్రెడ్డు లాంటివి. క్యూషొకు ఆఖరి తేదీ మాత్రం గుర్తుపెట్టుకోండి, షూర్యోషికికి ముందే ఆగిపోతుంది. ఆ తర్వాత పిల్లలు అన్నం తినకుండా మధ్యాహ్నానికే ఇంటికొస్తారు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళలో ఏటా ఈ తేదీ దగ్గరే టెన్షన్ పడతారు.

షూర్యోషికి రోజు

జిమ్ములో నేల మీద వరుసగా కూర్చోబెడతారు. హెడ్మాస్టరు ఒక్కో తరగతి నుంచి ఒకరిని పిలిచి, ఆ తరగతి పూర్తయిందన్న పత్రం ఇస్తారు. స్కూలు పాట, సెలవుల్లో జాగ్రత్తల మీద ఒక ప్రసంగం: సాయంత్రం మైకులో సంగీతం వినపడగానే ఇంటికి రావాలి, రోడ్డు మీదికి ఉరకకూడదు. గంటలోపే అయిపోతుంది. ఇది చూసి కొంతమంది "ఇంతేనా" అంటారు.

అసలు సంగతి గదిలోకి వెళ్ళాక ఉంటుంది. టీచరు ఒక్కొక్కరినీ పిలిచి రిపోర్టు ఇస్తుంది. దాన్ని టోక్యోలో చాలా స్కూళ్ళు 'అయుమి' అంటాయి, నడక అని అర్థం. రెండు చేతులతో ఇస్తుంది, పిల్లవాడు రెండు చేతులతో తీసుకోవాలి. ఇస్తూ ఒక మాట చెప్తుంది, వాడికి మాత్రమే వినపడేలా. 30 మందికి పైగా పిల్లలకి 30 వేరు వేరు మాటలు. మా చిన్నదానికి మూడో తరగతిలో చెప్పిన మాట "నువ్వు ఎవరైనా ఒంటరిగా ఉంటే వెళ్ళి పక్కన కూర్చుంటావు, నేను చూస్తూనే ఉన్నాను" అని. రిపోర్టులో లెక్కలకి 'ఇంకొంచెం' అని వచ్చింది. ఇంటికొచ్చి అది చెప్పలేదు, ఈ మాట చెప్పింది.

ప్రభుత్వ టీచర్లకి కొన్నేళ్ళకోసారి బదిలీ ఉంటుంది. ఎవరికి బదిలీ అయిందో మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో బయటికొస్తుంది. షూర్యోషికి నాటికి టీచరుకి తెలిసే ఉంటుంది, కానీ పిల్లలకి చెప్పకూడదు. వచ్చే ఏడాది కూడా మీరే మాకు రావాలి అని పిల్లలు చుట్టూ చేరి అడుగుతుంటే నవ్వి ఊరుకుంటుంది. కొన్నాళ్ళకి ఆ నవ్వు చూసి నేను కనిపెట్టేయడం నేర్చుకున్నాను.

మీ బాబు విషయంలో ఇంకో సంగతి. చాలా స్కూళ్ళలో పిల్లలను ఏటా కలిపి విడదీస్తారు, కొన్నిట్లో రెండేళ్ళకోసారి. రెండేళ్ళ లెక్క పాటించే స్కూలైనా రెండు నుంచి మూడుకి వెళ్ళేటప్పుడే క్లాసులు మారతాయి. సెక్షన్ ఒకటే ఉంటే తప్ప బాబు ఇప్పటి క్లాసు ఏప్రిల్లో ఉండదనే అనుకోండి. ఏడాదిన్నర కింద భాష రాకుండా వచ్చిన పిల్లవాడు ఆ క్లాసులోనే నోరు విప్పి ఉంటాడు. వేరే పిల్లల కంటే వాడికే ఆ ఆఖరి రోజులు ఎక్కువ అవసరం. నేను మీ టికెట్ల మీద పడడానికి కారణం ఇదే.

టికెట్లు మార్చలేకపోతే

ఈ వారంలోనే టీచరుకి చెప్పండి. రెన్రకుచోలో రాసినా, స్కూలు యాప్‌లో పెట్టినా, ఫోన్ చేసినా ఫర్వాలేదు. 'ఇచిజి కికొకు' అనండి, కొన్నాళ్ళకి స్వదేశం వెళ్ళి రావడం అని అర్థం, వాళ్ళు వాడే మాట అదే. ఆఖరిగా వచ్చే రోజు, తిరిగొచ్చే రోజు, అక్కడ దొరికే ఫోన్ నంబరు లేదా మెయిల్, ఇవన్నీ ఇవ్వండి. జ్వరమని అబద్ధం చెప్పకండి. పిల్లవాడు ఏప్రిల్లో వచ్చి అమ్మమ్మ ఊరి కబుర్లన్నీ చెప్పేస్తాడు, మా వాడు చెప్పాడు కూడా. పైగా విదేశీ పిల్లలకి ఇక్కడ చదువు హక్కే గానీ చట్టం ప్రకారం నిర్బంధం కాదు. చెప్పకుండా మాయమైతే దేశం వదిలి పూర్తిగా వెళ్ళిపోయారా, వస్తారా అన్నది స్కూలుకి తెలిసే దారి ఉండదు. మూడు వారాలకి ఏమీ కాదు గానీ, నెలలు ఉండిపోయే ఆలోచన ఉంటే ముందే వార్డు ఆఫీసులో కనుక్కోవాలి.

సామాను మొత్తం 13లోపు ఇంటికి చేర్చండి. రోజుకొకటి చొప్పున ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ శుక్రవారం మీరే ఒక పెద్ద సంచి తీసుకుని గేటు దగ్గరికి వెళ్తే ఇంకా మంచిది. బల్ల, అర తనే తుడుచుకుని, తన పేరు చీటీలు తనే పీకి వస్తానని బాబు చేత టీచర్ని అడిగించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ ఏప్రిల్లో ఆ అర ముందు వాడు మా వాడిలా నిలబడడు.

అయుమి ఎప్పుడు తీసుకోవాలో అడగండి. టీచరు బదిలీ మీద వెళ్ళిపోయినా స్కూలు దాచి ఉంచుతుంది. తిరిగొచ్చాక ఆఫీసులో అడిగి తీసుకోవచ్చు.

వెళ్ళే ముందు రోజున టీచరుకి బాబు చేత ఒక ఉత్తరం రాయించండి, జపనీస్‌లో రెండు లైన్లు, తెలుగులో వాడి పేరు. బహుమతులు వద్దు. నేను మొదటి ఏడాది ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టుకెళ్ళాను. టీచరు రెండు చేతులతో తీసుకుని, మళ్ళీ అలాగే రెండు చేతులతో నాకే ఇచ్చి, మూడుసార్లు వంగి క్షమించమంది. వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు, తీసుకోకూడదు. క్లాసులో చాక్లెట్లు, స్వీట్లు పంచడం కూడా కుదరదు, అలర్జీల భయం. ఉత్తరం మాత్రం తీసుకుంటారు, దాచుకుంటారు కూడా.

కాగితాల గురించి

అన్నీ చదవక్కర్లేదు. ఫోన్ కెమెరాతో అనువదించినా పట్టికలు గజిబిజిగా వస్తాయి. నేను కొత్తవాళ్ళకి చెప్పేది మూడే. ఒకటి, నెల పట్టిక ఉన్న గకునెన్ దయోరి (తరగతి కరపత్రం). అందులో ఏ రోజు ఎన్ని గంటలకి వదులుతారో, ఏ రోజు క్యూషొకు లేదో ఉంటుంది. దాన్ని ఫ్రిజ్‌కి అంటించండి. రెండు, 'మొచికాయెరి' అన్న మాట ఉన్నది, అంటే ఇంటికి పట్టుకెళ్ళాల్సినవి. మూడు, కింద కత్తిరించి ఇవ్వడానికి చుక్కల గీత ఉన్న ఏ కాగితమైనా. చుక్కల గీత ఉందంటే మీ జవాబు కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని అర్థం. మార్చిలో ఇంకో కాగితం వస్తుంది, ఏడాది పొడవునా వస్తువులకని కట్టించుకున్న డబ్బు లెక్క. మా చిన్నదానికి ఒకసారి మిగిలిన 86 యెన్లు చిల్లర కవర్లో పెట్టి, అతికించి పంపారు, అందినట్టు సంతకం చేసి ఇవ్వమన్నారు. నాకు అదేదో ముఖ్యమైన నోటీసనుకుని భయం వేసింది.

బాబు గకుదోలో (స్కూలు అయ్యాక పిల్లలుండే చోటు) ఉంటే, అక్కడ కొత్త ఏడాది ఏప్రిల్ 1నే మొదలవుతుంది, స్కూలు తెరిచే రోజున కాదు. ఆ సెలవుల్లో ఇంటి నుంచి లంచ్ బాక్సు పంపాలి. మీరు ఊళ్ళో ఉంటారు కాబట్టి రావట్లేదని అక్కడ విడిగా చెప్పాలి, స్కూలుకి చెప్తే వాళ్ళకి తెలియదు.

ఏప్రిల్ 5న దిగుతామన్నారు. అది ఆదివారం. మీ స్కూలు 6నే తెరిస్తే బాబు ఉదయం ఎనిమిదింటికి క్లాసులో ఉండాలి. వాడి ఒంటికి అది మన ఊరి తెల్లవారుజాము నాలుగున్నర. వీలైతే రెండు రోజులు ముందుకు జరుపుకోండి. మొదటి రోజున ఏ సెక్షనో తెలిపే జాబితా అంటిస్తారు, కొత్త పుస్తకాలు ఉచితంగా ఇస్తారు, కాబట్టి రందొసెరు ఖాళీగా పంపండి. ఉవబాకి బూట్లు ఉతికి పంపండి, ముందు ఒకసారి తొడిగి చూడండి. మూడు వారాల అమ్మమ్మ వంట తర్వాత పాతవి పట్టకపోవచ్చు, ఆదివారం దిగాక దుకాణానికి వెళ్ళే ఓపిక ఉండదు. బయల్దేరే ముందే ఒక సైజు పెద్దవి కొని ఉంచుకోండి.

షూర్యోషికి తేదీ మీ కాగితంలో ఎక్కడుందో కనపడకపోతే, పేర్లు కొట్టేసి ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.